గుండిగ ఎట్ల పగిలింది?

మా షాపు కంప్యూటర్‌కు మొదటి రోజు నుంచీ ఒకటే రోగం. ఏది చెప్పబోయినా ముందు "పార్టీ నేమ్" అని అడుగుతుంది. కుర్చీలు బయటికి పోయాయని చెప్పాలంటే పార్టీ పేరు. గుండిగలు లోపలికి వచ్చాయని చెప్పాలన్నా పార్టీ పేరే. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే టిక్కుమని ఒక చప్పుడు చేసి ఉన్నచోటే నిలబడుతుంది. మొండిఘటం. పేరు అడగకూడని చోటికి కూడా మా సామాను పోతుందని దానికి చెప్పుకోవడానికి నాకు ఆషాఢం నుంచి మాఘం దాకా పట్టింది. ఈ మధ్యలో నేను దాన్ని తిట్టిన తిట్లు మా పుట్టింటివాళ్లు వింటే ఈ పిల్లను మేమే పెంచామా అని ముక్కున వేలేసుకునేవారు.

మాది బూర్గంపాడులో టెంట్ హౌస్. మామయ్య వయసులో ఉండగా ఒక టెంటు, కాసిని వంటపాత్రలతో మొదలుపెట్టారట. ఇప్పుడు పెళ్లికైనా, పుట్టువెంట్రుకలకైనా, మీటింగుకైనా గోదావరి ఇవతల అడవి ఊళ్లకు ఎక్కువగా మా సామానే పోతుంది. టెంట్లు, కుర్చీలు, జంపఖానాలు, గంగాళాలు, ఊరందరికీ అన్నం వండే పెద్ద అల్యూమినియం గుండిగలు. టెంటు వేసేదీ, పీకేదీ, బండి తోలేదీ మా ఆయన. ఆయన అన్న, మా బావగారు, కొత్తగూడెంలో ఆఫీసు ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చి లెక్కలు చూసుకునేవారు. గల్లా దగ్గర కుర్చీలో మాత్రం మామయ్యే. షాపు వెనకాలే ఇల్లు.

కంప్యూటర్ తెచ్చింది బావగారు. దాన్ని బల్లమీద దించిన రోజునే షరతు కూడా దించారు.

"పెద్ద ఆర్డర్లు ఇచ్చేటోళ్లు జీఎస్టీ బిల్లు లేకపోతే మొకం గూడ చూస్తలేరు. ఇగ పుస్తకాలతోటి నడువది బాపూ" అన్నారు మామయ్యతో.

"నాకు చూపు ఆనుతలేదు. కోడలు చదువుకున్నది గదా, ఆమె నేర్చుకుంటది. ఆమెనే కూసోనియ్యి" అన్నారు మామయ్య.

బావగారు నన్ను ఎగాదిగా చూశారు. పాత మోటారు కొనేముందు అట్లాగే చూస్తారు. "సరే అమ్మా. మాఘం పెళ్లిళ్లు మొదలయ్యేలోపల కంప్యూటర్ల చూపే సామాను, గోదాముల ఉన్న సామాను ఒక్కటి కావాలె. అయితే గల్లా నీదే. కాకపోతే ఖమ్మం నుంచి అకౌంటెంట్‌ను తెచ్చుకుందాం. ఏమనుకోకు" అన్నారు.

అనుకోకుండా ఎట్లా ఉంటాను? నాకు ఆ కుర్చీ కావాలి. ఇందులో దాచుకునేదేం లేదు. డిగ్రీ పూర్తిచేసి తల్లాడ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన దగ్గర నుంచీ ఇంటికీ, షాపులో పనిచేసేవాళ్లకూ వండి వారుస్తూనే ఉన్నాను. మామయ్య లేనప్పుడు ఎవరైనా టెంటు మాట్లాడుకోవడానికి వస్తే, నేను ఎదురుగా నిలబడి ఉండగానే నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి "ఎవలు లేరా?" అని అడిగేవారు. నేనేమన్నా తలుపుకు వేసిన పరదానా? లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని. ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చుంటే ఇక ఎవరూ నా మీదుగా చూడరనుకున్నాను.

అట్లా ఆషాఢం ముసురులో గొడుగు పట్టుకుని చదువుకు బయలుదేరాను. సారపాక దాకా ఒక ఆటో, అక్కడి నుంచి వంతెన దాటడానికి ఇంకో ఆటో. భద్రాచలంలో ఒక మేడమీద కంప్యూటర్ క్లాసులు. నేర్పే సార్ సత్తుపల్లి వైపు మనిషి. మర్యాదస్థుడే, కానీ ప్రతి మాట చివరా "సింపులండీ" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆయనకు ఒక ఉత్తుత్తి కంపెనీ ఉంది. అది రోజూ సబ్బులు కొంటుంది, సబ్బులు అమ్ముతుంది. దాన్ని చూపించే అందరికీ పాఠం చెబుతాడు.

"లోపలికి వచ్చేది డెబిట్, బయటికి పోయేది క్రెడిట్. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలండి."

"సార్, బయటికి పోయి మళ్లీ లోపలికి వచ్చేదాన్ని ఏమనాలె?" అని అడిగాను.

"అమ్మిన సబ్బు మళ్లీ ఎందుకొస్తుందండి మేడమ్?"

"సబ్బు కాదు సార్, కుర్చీ."

"ఏదైనా ఐటమ్ ఐటమేనండి. వెళ్లినప్పుడు సేల్స్ వేసేయండి. తిరిగొస్తే సేల్స్ రిటర్న్. సింపులండీ."

సింపులే అనుకుని ఇంటికి వచ్చాను. ఆ రోజుల్లో మా ఆయనకు నేను మంచి కాలక్షేపం. అన్నానికి కూర్చుని "డెబిటమ్మా, కూర అయిందా?" అనేవాడు. "అయింది. లోపలికి పోయేది డెబిట్టే. ఉప్పు ఎక్కువైతే క్రెడిట్ చెయ్యకు" అనేదాన్ని. నవ్వేవాళ్లం గానీ, పళ్లెం కడుగుతున్నప్పుడు కూడా నా బుర్రలో డెబిట్లూ క్రెడిట్లే తిరిగేవి. అత్త ఉండి ఉంటే ఏమనేదో గానీ, ఆమె నా పెళ్లికి ముందే పోయింది.

శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యాయి. సార్ చెప్పినట్టే ప్రతి పెళ్లికీ సేల్స్ కొట్టాను. ఆ ఆదివారం బావగారు వచ్చి తెర మీద చూస్తే షాపులో కుర్చీలు సున్నా.

"ఏందమ్మా, కుర్చీలన్నీ అమ్మినవా?"

"పెళ్లికి పోయినయ్ బావగారూ. రేపు వస్తయ్."

"ఇందుల అమ్మినట్టున్నది. అమ్మని కుర్చీలకు పన్ను గూడ లెక్క కట్టింది. మనం కట్టాలెనా ఇప్పుడు?"

కొట్టినవన్నీ ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ కూర్చున్నాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో వెనక్కి రావడానికి ఒక మీట ఉంది. అది ఒక్కసారి ఎక్కువ నొక్కామంటే "బయటికి వెళ్లాలా?" అని ఇంగ్లీషులో అడుగుతుంది. చెయ్యి జారి ఎంటర్ తగిలిందో, అప్పటిదాకా కొట్టిందంతా గంగలో కలిసినట్టే. సగంలో కరెంటు పోయేది. ఇన్వర్టర్ కాసేపు కుయ్ కుయ్‌మని అదీ కళ్లు మూసేది. నిజంగా తలప్రాణం తోకకొచ్చింది. వంటింట్లో పాలు పొంగిపోతే కనీసం కనిపిస్తాయి. ఇక్కడ ఏది ఎక్కడ పొంగిపోయిందో కూడా తెలియదు.

మళ్లీ వంతెన దాటి పోయి సార్ ప్రాణం తీస్తే, చలాన్ కొట్టమని అప్పుడు చెప్పాడు. అమ్మకం కాకుండా ఊరికే పంపినట్టు రాసే దారి అది. పెళ్లివాళ్ల పేరు చెప్పి సామాను పంపవచ్చు, తిరిగి రాగానే కిరాయికి మాత్రం బిల్లు కొట్టవచ్చు. ఈ ముక్క ముందే చెబితే ఆయన సబ్బులేమన్నా అరిగిపోయేవా? పోనీలే, దారి దొరికింది. పెళ్లిళ్ల సామాను చక్కగా కుదిరింది. నేను అక్కడితో గెలిచాననే అనుకున్నాను.

గెలవలేదు. గోదాము ఎప్పుడు చూసినా కంప్యూటర్ కంటే తక్కువే చూపించేది. ఎందుకు తక్కువో నాకు బాగా తెలుసు. దాన్ని కంప్యూటర్‌కు ఎట్లా చెప్పాలో తెలియదు.

మా షాపులో మామయ్య పెట్టిన ఒక పద్ధతి ఉంది. చావింటికి పోయే సామానుకు కిరాయి లేదు, రాత కూడా లేదు. చావు జరిగిన ఇంటి మనిషి షాపు మెట్టెక్కడు. రోడ్డుకు అవతలి పక్కన, తలకు కట్టుకున్న తువ్వాల తీసి భుజాన వేసుకుని నిలబడతాడు. అంతే. మామయ్య అతన్ని చూడగానే లేచి, మేకుకు తగిలించిన గోదాము తాళంచెవి తీసుకుని బయటికి పోయేవారు. ఎవరు, ఏ ఊరు, ఎన్ని కుర్చీలు అనేది ఒక్క ముక్క ఉండదు. గూడెం మనిషైతే వాళ్ల కోయ భాషలోనే రెండు మాటలు మాట్లాడేవారు. టెంటు, ఒక గుండిగ, కొన్ని కుర్చీలు బండి ఎక్కేవి. దినాలు అయ్యాక వాళ్లే తెచ్చి పెరటి వైపున దించిపోయేవారు. పసుపునీళ్లు చల్లి, తోమి, అప్పుడు గోదాములో పెట్టేవాళ్లం. ఒక్కోసారి ఆలస్యంగా వచ్చేవి. ఒక్కోసారి ఒకటో రెండో రానే రావు. మామయ్య ఎన్నడూ అడగలేదు.

ఒక రోజు మధ్యాహ్నం ఆయన మంచంమీద కూర్చుని పల్లీలు ఒలుస్తుంటే పక్కన కూర్చున్నాను.

"మామయ్యా, ఆ సామాను గూడ రాసుకుందాం. కిరాయి వద్దు. ఊకె రాసుకుందాం."

"రాస్తే లెక్కయితది బిడ్డా. లెక్కయినంక అడగబుద్ధి అయితది. చావింటికి పోయి గుండిగేది అని ఎట్ల అడుగుతం?"

"అడగొద్దు. రాసుకుని ఊకుందాం."

"రాసుకున్నోడు ఊకోడు" అని నా చేతిలో పిడికెడు పల్లీలు పోశారు.

ఆయన మాట బాగానే ఉంది. మరి నా కుర్చీ సంగతేంది? పల్లీలు నములుతూ మనసులో ఆయన మీద కూడా విసుక్కున్నాను. అందరూ మంచివాళ్లే, అందరూ వాళ్ల వాళ్ల మాటమీదే నిలబడతారు, మధ్యలో తెర ముందు కూర్చుని తల బాదుకునేదాన్ని నేను.

పేరు అడగని దారి ఏదైనా దొరుకుతుందేమోనని ఆ సాఫ్ట్‌వేర్ అంతా దేవులాడాను. కిరాయి దగ్గర సున్నా వేస్తే ఒప్పుకోలేదు. పేరు దగ్గర చుక్క పెడితే తీసుకుంది గానీ, తర్వాత ఆ చుక్కగారు మాకు బాకీ ఉన్నారని చూపించింది. చివరికి దొరికింది బ్రేకేజీ. పెళ్లిళ్లలో ఒకటో రెండో కుర్చీలు విరుగుతాయి కదా, అవి రాసుకోవడానికి సార్ చూపించిన దారి అది. ఏ వస్తువు, ఎన్ని అని మాత్రమే అడుగుతుంది. ఎవరు విరగ్గొట్టారని అడగదు. ఆ కంప్యూటర్ నన్ను నమ్మిన చోటు అదొక్కటే. ఇంకేం, చావింటికి సామాను పోయినప్పుడల్లా విరిగిపోయిందని కొట్టడం మొదలుపెట్టాను. కంప్యూటర్, గోదాము అన్నదమ్ముల్లా కలిసిపోయాయి.

అయితే సామాను తిరిగి వచ్చినప్పుడు మళ్లీ లోపలికి ఎక్కించాలి. అందుకు కొన్నట్టు రాయాలి. కొన్నట్టు రాయాలంటే ఎవరి దగ్గర కొన్నావని అడుగుతుంది. మళ్లీ పార్టీ పేరు. తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. ఆ వానాకాలం జ్వరాలు ఎక్కువై, రోడ్డు అవతల మనుషులు తరచుగా నిలబడ్డారు.

దసరా తర్వాతి ఆదివారం బావగారు ఒక కాగితం ప్రింటు తీసి నా ముందు పెట్టారు.

"కుర్చీలు ఇరిగినయంటే నమ్ముత. జంపఖానాలు చినిగినయంటే నమ్ముత. గుండిగ ఎట్ల పగిలిందమ్మా?"

వెనకాల టెంటు తాళ్లు చుడుతున్న మా ఆయన ఫక్కున నవ్వాడు. "లారీ ఎక్కినా సొట్ట పోతది గానీ పగలదన్నా" అన్నాడు, నాకు సాయం చేస్తున్నట్టు. అరికాలి మంట నెత్తికెక్కింది.

దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేశాను. బావగారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

"బాపు మంచోడే. కాదంటలేను. కానీ ఆడిటర్ ముందల ఈ కాగితం పెట్టగలమా? చావుకైనా సరే పేరు రాసి కిరాయి తీసుకోవాలె, లేకపోతే ఇచ్చుడు బంద్ చెయ్యాలె. రెండిట్ల ఒకటి నువ్వే తేల్చు. తేల్చలేకపోతే ఖమ్మం ఆయన వచ్చి తేలుస్తడు."

పక్కగదిలో మంచం కిర్రుమంది. మామయ్య వింటున్నారని మా ముగ్గురికీ తెలుసు. ఆ సాయంత్రం ఆయన అన్నం తక్కువ తిన్నారు.

తర్వాత కొన్నాళ్లకు మామయ్యను కంటి దవాఖానాకు చూపించడానికి మా ఆయన ఖమ్మం తీసుకుపోయాడు. నేను గల్లా దగ్గర ఉన్నాను. తలెత్తి చూస్తే రోడ్డు అవతల ఒక మనిషి. తువ్వాల భుజాన ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు, మోకాళ్ల దాకా బురద. ఏదో గూడెం నుంచి నడిచి వచ్చినట్టున్నాడు.

నేను ఏం చెయ్యాలో బావగారు చెప్పే పోయారు. పేరు అడగాలి, కిరాయి చెప్పాలి. కాదంటే లేదనాలి. ఏదో ఒకటి చేస్తే కుర్చీ నాది. రోడ్డు దాటి అతని దగ్గరికి పోయేదాకా అడగాలనే అనుకున్నాను. "పేరు" అనే మాట నాలుక చివరదాకా వచ్చింది కూడా. అతను నా మీదుగా షాపులోకి తొంగిచూడలేదు. ఎవలు లేరా అని అడగలేదు. నా మొఖమే చూసి, కష్టంగా తెలుగులో "మా అవ్వ" అన్నాడు.

తాళంచెవి తెచ్చి గోదాము తీశాను. టెంటు, కుర్చీలు, ఒక గుండిగ ఎక్కించి, పక్కింటి ఆటో ఆయన్ను బతిమాలి పంపాను. లోపలికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని ఇంకో గుండిగ పగిలిందని కొట్టాను. మీటలు విరిగిపోయేటట్టు కొట్టాను. ఖమ్మం అకౌంటెంట్ వస్తే రానీ, వంటిల్లు ఎటూ పోలేదు కదా అనుకుంటూ వంటింట్లోకి పోయి, ఎవరూ లేరు గనుక కాసేపు ఏడ్చాను.

సాయంత్రం మామయ్యతో చెబితే "మంచిపని చేసినవ్" అనలేదు. "టెంటుకు మేకులు సరిగ ఇచ్చినవా? అటుదిక్కు నేల మెత్తగ ఉంటది" అన్నారు.

ఆ సామాను ఇంకా తిరిగి రాకముందే, కార్తీకంలో మామయ్య పోయారు. పొద్దున చాయ్ తాగి, ఇంకో సగం గ్లాసు పొయ్యమన్నారు. నేను పోసుకొచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నారు. పిలిస్తే పలకలేదు.

జనం చేరడం మొదలయ్యాక మా ఆయన అలవాటు కొద్దీ లేచి "టెంటు తెస్త" అన్నాడు. పక్కింటి పెద్దాయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "నీ తండ్రి పోయిండు. ఇయ్యాల నువ్వు ఎయ్యవు, కూసో." ఎవరో నా ముందుకు వచ్చి చెయ్యి చాచారు. తాళంచెవి ఇచ్చాను. గోదాము తీసింది ఎవరో, కర్రలు పాతింది ఎవరో నేను చూడలేదు. చూసేసరికి మా ఇంటి ముందు మా టెంటే నిలబడి ఉంది. ఎక్కడో టేకులపల్లి దాకా ఉన్న ఏ ఊళ్ల నుంచి ఎవరెవరు వచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరి పేరూ ఎన్నడూ రాసుకోలేదు కదా.

ఆ రోజు మా పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నం దాటాక కొందరు గూడెం మనుషులు అన్నం వండి ట్రాలీ ఆటోలో తెచ్చారు. ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని గుండిగను దించారు. దాని అంచున మా షాపు అక్షరాలు చెక్కి ఉన్నాయి. పట్టుకున్నవాళ్లలో ఒకడు ఆ రోజు రోడ్డు అవతల నిలబడ్డ మనిషి. నన్ను చూసి తల ఊపాడు. నేను పగిలిందని రాసిన గుండిగ నిండా వేడి అన్నం ఉంది.

బావగారు దాని ముందు కూర్చున్నారు. అంచు మీది అక్షరాల మీద వేలు పెట్టారు.

"ఇదేనా అమ్మా పగిలింది?"

"అవ్ బావగారూ."

ఆయన తల వంచుకున్నారు. పొద్దుటి నుంచి బిగపట్టుకున్న మనిషి, అప్పుడు ఏడ్చారు.

దినాలు అయిపోయాయి. ఏడుపు ఏడుపే, మాఘం మాఘమే. కంప్యూటర్‌లో విరిగినవీ పగిలినవీ అట్లాగే ఉన్నాయి. మళ్లీ వంతెన దాటి భద్రాచలం పోయి సార్ ముందు కూర్చున్నాను. ఈసారి డెబిట్ అనలేదు, క్రెడిట్ అనలేదు. "మా సామాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతది సార్. అమ్మినట్టు కాదు, కిరాయికి కాదు. ఎవల పేరూ చెప్పను. కొన్నాళ్లకు మళ్లీ వస్తది. ఇట్లాంటిది ఉన్నదా లేదా? లేకపోతే లేదని చెప్పు, నేను ఇంటికి పోత" అన్నాను.

"ఉంది కదండీ" అన్నాడు ఆయన తాపీగా. "రెండో గోడౌన్ పెట్టుకోండి. ఈ గోడౌన్ నుంచి ఆ గోడౌన్‌కి ట్రాన్స్‌ఫర్ కొట్టండి. పార్టీ అక్కర్లేదు, రేటూ అక్కర్లేదు. సింపులండీ."

"మరి ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదు సార్?"

"మీరు గోడౌన్ గురించి అడగలేదు కదండీ మేడమ్. కిరాయి, కిరాయి అన్నారు."

ఆయన బల్లమీద పేపర్ వెయిట్ ఉంది. దాన్ని చూశాను గానీ ముట్టుకోలేదు. నా సంస్కారం నాకు అడ్డం వచ్చింది. వంతెన మీద ఆటోలో వస్తూ ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడిని, సబ్బుల కంపెనీని, దాన్ని నమ్మి చుట్టూ తిరిగిన నన్ను నేను కూడా, సారపాక వచ్చేదాకా తిట్టుకున్నాను.

షాపుకు వచ్చి రెండో గోదాము తెరవబోయాను. దానికీ ఒక పేరు కావాలట. పెళ్లిళ్లు మాట్లాడుకునే చోట, శుభలేఖలు పెట్టుకునే బల్లమీద, తెరపైన చావు అనే మాట ఎట్లా కొడతాను? తలెత్తి చూశాను. మేకుకు తాళంచెవి వేలాడుతోంది. ఇంగ్లీషు అక్షరాల్లో మామయ్య అని కొట్టాను. టిక్కుమనకుండా తీసుకుంది.

విరిగాయనీ పగిలాయనీ కొట్టినవన్నీ తీసేసి, ఇంకా తిరిగి రానివాటిని అందులోకి మార్చాను. మాఘానికి ముందు ఆదివారం బావగారు వచ్చారు. గోదాములో మా ఆయనతో కలిసి ఒక్కొక్కటీ ఎంచుకుని వచ్చి, గల్లా కుర్చీలో కూర్చుని తెర మీద చూశారు. నేను పక్కన నిలబడ్డాను. కుర్చీలు సరిపోయాయి. జంపఖానాలు సరిపోయాయి. గుండిగల దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇదేంది? మామయ్య అని ఉన్నది."

"చావిండ్లకు పోయిన సామాను బావగారూ. పేరు అడగది, కిరాయి అడగది. తిరిగొస్తే మళ్లీ షాపు గోదాముకు మార్చుడే."

"రాకపోతే?"

"అక్కడనే ఉంటది."

"ఆడిటర్ అడిగితే ఏం చెప్తవ్?"

"అది గూడ మన గోదామే అని చెప్త."

ఆయన తెర మీద ఆ వరుసను ఇంకోసారి చదివారు. ఇక ఖమ్మం అకౌంటెంట్ సంగతి ఎత్తుతారనే అనుకున్నాను. అడిగేద్దామని నోరు తెరిచేసరికి ఆయన చూపు వీధివైపు తిరిగింది. నేను కూడా చూశాను. రోడ్డు అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు, తువ్వాల భుజాన.

బావగారు కుర్చీలోంచి లేచారు. మేకు మీద నుంచి తాళంచెవి తీసుకుని, మెట్టు దిగి, రోడ్డు దాటి అతని దగ్గరికి పోయారు. ఆ మనిషి వెంట నడవగా గోదాము వైపు తిరిగారు. టెంటు కట్టను తనే ఒక చివర పట్టుకుని ఎక్కించారు. తెల్ల చొక్కా భుజం మట్టి అయింది.

బండి పోయాక పంపు దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, మెట్టు మీదే నిలబడ్డారు. కుర్చీ ఖాళీగా ఉంది. నేను ఇంకా పక్కనే నిలబడి ఉన్నాను.

"నిలబడ్డవేంది, కూసో" అన్నారు. "ఒక టెంటు, ఒక గుండిగ. కుర్చీలు ఎన్నో నేను ఎంచలే, గోదాముల చూసి రాసుకో. బాపు దగ్గరికి పోయినయని ఎక్కియ్యి."

కూర్చుని ఎక్కించాను. కంప్యూటర్ పేరు అడగలేదు.